రెండువేల నలభై ఎనిమిది

ఆ యేడు వానలు ఇంకా మూడు వారాలు ఉన్నాయనగా గేట్ల గదిలో మిషను చచ్చిపోయింది. ఉదయం పదింటప్పుడు నేను రీడింగులు రాసుకుంటున్నాను. ముందు పలక మీద ఎర్ర దీపాలు ఒక్కసారి వణికి, అన్నీ కలిసి వెలిగి, అలాగే ఉండిపోయాయి. స్విచ్చు ఆపి మళ్ళీ వేశాను. లాభం లేకపోయింది.

బీరువా అంత మిషను అది. వయసులో నాకంటే పెద్దది. జలాశయంలో నీళ్ళెంత ఉన్నాయో చూసుకుని, ఎనిమిది గేట్లలో ఏది ఎంత ఎత్తాలో లెక్కగట్టి, మోటార్లను అదే తిప్పుతుంది. దాని బదులు కొత్తది వస్తుందని ఆరేళ్ళుగా వింటున్నాం. ఈసారి ఆర్డరు కూడా వెళ్ళింది గానీ, వానలు వెనకబడ్డాక గానీ అది రాదు.

పోయింది మెమొరీ బోర్డు. స్టోర్సంతా గాలిస్తే ఇంకో బోర్డు దొరికింది, కానీ ఖాళీది. అందులోకి ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాలి. మా సూపరింటెండెంటు తన బీరువా తాళం తీసి, చిల్లులు పొడిచిన కాగితపు టేపు చుట్టను బయటికి తీశారు.

"మిషను పెట్టిన రోజున ఎక్కించిన టేపు ఇదే. పదిలంగా దాచాం. కానివ్వండి, సాయంత్రానికల్లా అయిపోతుంది."

"ఎందుకైనా మంచిది సార్, మా పిన్నిని ఒక్కసారి పిలుద్దాం," అన్నాను.

ఆ ప్రోగ్రాం రాసింది పిన్ని. అప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్ళు. నిరుడే రిటైరైంది. ఫోను చేసిన గంటకు, తల కూడా సరిగ్గా దువ్వుకోకుండా వచ్చింది. టేబుల్ మీదున్న చుట్టను చూడగానే ఆమె మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"అది ఎక్కించొద్దు."

"ఎందుకు మేడమ్? మీరు రాసిందేగా!"

"పాత కాగితం. ఎక్కడ చిరిగిందో తెలియదు. కొత్త టేపు నేను చేసిస్తాను."

"ఒకసారి ఎక్కించి చూద్దాం, పనిచెయ్యకపోతే అప్పుడు..."

"వద్దంటున్నానా!"

పిన్ని ఆఫీసరు మీద గొంతు పెంచడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన కూడా చూసినట్టు లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని అన్నారు. "నీళ్ళు పదిహేను మీటర్లకు వచ్చేదాకా మీకు టైమిస్తున్నాను. ఆపైన ఈ టేపే. ఎనిమిది గేట్లూ చేత్తో తిప్పించడానికి నా దగ్గర మనుషులు లేరు."

కొత్త టేపు చెయ్యడం అనుకున్నంత తేలిక కాదు. పిన్ని ప్రోగ్రాంను పొట్టి పొట్టి అక్షరాల ముక్కల్లో రాసింది. దాని ప్రింటు ఆమె పెట్టెలో భద్రంగానే ఉంది. ఆ ముక్కల్ని మిషనుకు అర్థమయ్యే అంకెలుగా మార్చడానికి ఇంకో ప్రోగ్రాం కావాలి. దాన్ని అసెంబ్లర్ అంటారు. ఒక్కో రకం మిషనుకు ఒక్కో అసెంబ్లర్. మాది ఏ రోజునో, ఏ బదిలీలోనో, ఎవరి చేతుల మీదుగానో పోయింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో వేట మొదలైంది.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నాన్న, పిన్ని, నేను. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోతే, అమ్మ చెల్లెలైన పిన్నే తన పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా నన్ను పెంచింది. నాన్న వీధిగదిలో కూర్చుని గొడుగులు బాగుచేస్తాడు. అంతకుముందు ఆయన గేట్ల గదిలో ఆపరేటరు. నేను ఈ ఉద్యోగంలో చేరిన రోజున బాగుందనీ అనలేదు, వద్దనీ అనలేదు. "మెట్ల మీద పాచి ఉంటుంది, చూసి నడువు" అన్నాడంతే.

నాకు మూడేళ్ళున్నప్పుడు వచ్చిన వరదలో జలాశయం ఎప్పుడూ లేనంతగా నిండింది. గేట్లు తెరిచి ఉండాల్సిన సమయంలో మూసుకుపోయాయి. నీళ్ళు పక్క కట్ట తెంచుకుని దిగువ పేట మీద పడ్డాయి. పదకొండు మంది పోయారు. ఆ మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నది నాన్న. "నేనేమీ నొక్కలేదు. ఉన్నట్టుండి గేట్ల దీపాలు ఎనిమిదీ ఒక్కసారే ఆరిపోయాయి" అని విచారణలో చెప్పాడు. విచారణ వాళ్ళు మిషనును పరీక్షించారు. నీటిమట్టం ఎంత పెట్టి చూసినా దీపాలు ఆరలేదు. ఆపరేటరు కంగారులో మూసే మీట నొక్కాడని రాసి, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

దిగువ పేటలో భార్యనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్న ఒకతను ప్రతి యేటా తొలివాన పడ్డ రోజున వచ్చి మా ఇంటికెదురుగా నిలబడేవాడు. తిట్టడు, రాయి విసరడు, గడప తొక్కడు. వాన వెలిసేదాకా నిలబడి, వెళ్ళిపోతాడు. మేము అతన్ని ఎదుటి మనిషి అనేవాళ్ళం. అతను ఉన్నంతసేపూ నాన్న గొడుగు కుట్టడం ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి ఎదురుగానే కూర్చునేవాడు. తలుపు వేస్తానంటే వెయ్యనిచ్చేవాడు కాదు.

పిన్ని పాత డైరీ ముందేసుకుని, తనతో పనిచేసిన వాళ్ళందరికీ ఫోన్లు చేసింది. ఇద్దరు కాలం చేశారు. ఒకాయనకు తానెక్కడ పనిచేశాడో కూడా గుర్తులేదు. ఇంకొకాయన భార్య మాత్రం, "అయ్యో, ఆ చిల్లుల కాగితాలా! గట్టిగా ఉన్నాయని బీరతీగలు పందిరికి కట్టడానికి వాడేశానమ్మా, నాలుగేళ్ళు కాపు కాసింది" అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. పిన్ని నవ్వలేదు. ఫోను పెట్టేసి, డైరీలో ఆ పేరు మీద గీత కొట్టింది. కలం కాగితాన్ని చీల్చుకుని అవతలికి దిగింది.

"పిన్నీ, ఇంత హైరానా ఎందుకు? పాత టేపు బాగానే ఉందేమో."

"బాగానే ఉంది. అదేనే నా భయం," అంది. అని, తనేం అన్నదో అప్పుడే విన్నట్టు లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఆఫీసులో ఖాళీ దొరికినప్పుడల్లా ఇంటర్నెట్‌లో వెతికాను. పాత మిషన్ల మీద పిచ్చి ఉన్నవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. వారం తిరిగేసరికి ఒక అసెంబ్లర్ దొరికింది. పిన్ని ప్రింటును అందులో పెడితే అంకెలు వచ్చాయి. సంబరపడ్డాను. పిన్ని మాత్రం మొదటి పేజీ చూసి, "ఇది మనది కాదు" అని పక్కన పడేసింది. మా మిషనుకు ఆరేళ్ళ తర్వాత వచ్చిన రకానికి చేసింది అది. ఆ అంకెలే ఎక్కించి ఉంటే గేట్లు ఏం చేసేవో నాకు తెలియదు. ఈలోగా ఎగువన వానలు మొదలయ్యాయి. మా దగ్గర ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది గానీ, నీళ్ళు రోజుకు జానెడు చొప్పున పెరుగుతున్నాయి. పదకొండు మీటర్లు. పన్నెండు.

ఆ వెతుకులాటలోనే ఒక పెద్దాయన ఉత్తరం వచ్చింది. మాకు అయిదు గంటల ప్రయాణం దూరంలో ఉంటాడు. పేరు ఎవరూ వాడరు, అందరూ టేపుల తాత అంటారు. "మీ మిషను నా దగ్గర ఒకటి ప్రాణంతో ఉంది. దాని అసెంబ్లరు కూడా ఉంది. మీ పాత టేపు, ప్రింటు పట్టుకుని రండి. ప్రింటును మార్చితే వచ్చే అంకెలు టేపుతో సరిపోతే, నా అసెంబ్లరును నమ్మొచ్చు" అని రాశాడు.

పిన్నికి ఆ రోజు జ్వరం. నన్నే వెళ్ళమంది. ప్రింటు ఇచ్చింది, టేపు ఆఫీసులో తీసుకోమంది. విడిగా ఒక కవరు కూడా ఇచ్చింది. "టేపుతో సరిచూశాక, ఈ తొమ్మిది లైన్లూ ప్రింటులో కలిపి కొత్త టేపు కొట్టించు. అంతే. ఇంకేమీ ఆడకు దాంతో."

"ఏమిటివి?"

"చిన్న సవరణ."

టేపుల తాత ఇల్లు ఒకప్పటి ప్రెస్సు. గోడల పొడవునా బిస్కట్ డబ్బాలు, ప్రతి డబ్బాలో టేపు చుట్టలు, మూతల మీద ముత్యాల్లాంటి రాత. మధ్యలో మా మిషనుకు కవల లాంటిది నిలబడి ఉంది, దీపాలు మిణుకుమిణుకుమంటూ. "దీని కోసం మా ఆవిడ మంచం వీధిగదిలోకి మార్చింది," అన్నాడాయన. "పాపం, మిషనుకు పడుకునే టైమంటూ లేదు కదా!"

అసెంబ్లర్ టేపును ఒక డబ్బాలోంచి తీసి, వేళ్ళ మధ్య పసిపిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని ఎక్కించాడు. మధ్యాహ్నానికి పిన్ని ప్రింటు అంకెలుగా మారింది. పాత టేపుతో ఒక్కొక్కటీ పోల్చాం. ఒక్క తేడా లేదు. కాగితంలో చిరుగు కూడా ఎక్కడా లేదు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆయన టీ పెట్టడానికి లోపలికి వెళుతూ, "పాత టేపు ఎక్కించే ఉంది, కావాలంటే ఆడించుకోమ్మా. ఈ ఎనిమిది దీపాలూ మీ గేట్లనుకో. స్విచ్చులతో నీటిమట్టం పెట్టు" అన్నాడు.

సెంటీమీటర్లలో పెట్టాలి. వెయ్యి పెట్టాను, రెండు దీపాలు వెలిగాయి. పదహారు వందలకు అయిదు. రెండువేలకు ఎనిమిదీ. గేట్లన్నీ తెరుచుకున్నట్టు లెక్క. ముచ్చటేసి ఒక్కొక్క సెంటీమీటరే పెంచుతూ పోయాను. రెండువేల నలభై అయిదు. నలభై ఆరు. నలభై ఏడు. ఎనిమిది దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి. ఇంకొక్కటి పెంచాను.

అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

చెయ్యి స్విచ్చు మీదే ఉండిపోయింది. తాత టీ కప్పులతో వచ్చి దీపాల వంక, నా వంక చూశాడు.

"ఎంత పెట్టావు? నలభై ఎనిమిదా? అంతేనమ్మా. ఒక్కో అంకె రాసుకోవడానికి ఈ మిషనుకు పన్నెండు గళ్ళే. రెండువేల నలభై ఏడు దాటితే వాటిలో పట్టక, అంకె మైనస్ అయిపోతుంది. జలాశయం అంచుల దాకా ఉంటే, చుక్క నీళ్ళు లేవనుకుని గేట్లు మూసేస్తుంది. రాసిన వాళ్ళు అంత మట్టం ఎప్పటికీ రాదనుకుని ఉంటారు."

"మళ్ళీ ఒకసారి చెయ్యండి."

ఆయన చేశాడు. నేను అడుగుతూనే ఉన్నాను. మూడోసారికి ఆయనే ఆపేసి, "కూర్చో తల్లీ" అన్నాడు.

కవరులోని తొమ్మిది లైన్లు కలిపి కొత్త టేపు కొట్టాం. దాన్ని ఎక్కించి రెండువేల నలభై ఎనిమిది పెట్టాను. మూడువేలు పెట్టాను. దీపాలు ఆరలేదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. పిన్ని పెరట్లో తీగ మీది బట్టలు తీస్తోంది. టేపు ఆమె చేతిలో పెట్టాను.

"ఆడించి చూశావు కదూ," అంది నా మొహం చూసి.

"ఈ తొమ్మిది లైన్లు పాడైన బోర్డులో ఉన్నాయా?"

"ఉన్నాయి. టేపులో లేవు. ముందు పలక మీది స్విచ్చులతో చేత్తో ఎక్కించాను. కాగితం మీద ఎక్కడా పెట్టలేదు."

"ఎప్పుడు?"

పిన్ని నాన్న చొక్కా మడత పెట్టింది. విప్పి, మళ్ళీ మడత పెట్టింది. "వరద మర్నాడు పొద్దున. విచారణ వాళ్ళు రాకముందు."

ఆమే చెప్పింది, నా వైపు చూడకుండా. "దానికి మూడు వారాల ముందే ఈ తప్పు కనిపెట్టాను. డిజైను ప్రకారం నీళ్ళు ఇరవై మీటర్లు దాటవు కదా, వానలు వెళ్ళాక చూద్దాంలే అనుకున్నాను. విచారణలో స్విచ్చులు వేసి దీపాలు ఆరవని వాళ్ళకు చూపించింది కూడా నేనే. బావ ఎదురుగానే ఉన్నాడు. మీ అమ్మకు అప్పటికే ఒంట్లో బాగాలేదు. ఇద్దరి ఉద్యోగాలూ పోతే నీ గతేమిటనుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదే."

"నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"టేపు ఎక్కనియ్యి. ఇప్పుడే చెబితే, మిషను దగ్గరికి నన్ను రానివ్వరు. నేనిచ్చిన టేపును నమ్మరు, విచారణ తేలేలోపు నీళ్ళు నిండిపోతాయి."

అది నిజమే. అది నిజం కావడమే నన్ను భయపెట్టింది. రెండు రోజులు ఆమె వండింది తిన్నాను, పక్క గదిలోనే పడుకున్నాను. నాన్న రోజూలాగే గొడుగు ఊచలు వంచుకుంటూ, "ఏమిటి, ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు?" అని అడిగాడు. ఇద్దరం ఒకేసారి "ఏమీ లేదు" అన్నాం.

నీళ్ళు పద్నాలుగు మీటర్ల ఎనభైకి వచ్చిన రోజున టేపు ఎక్కింది. సూపరింటెండెంటు పిన్నికి చెయ్యెత్తి దండం పెట్టారు. ఆమె సంచిలోంచి మడత పెట్టిన కాగితాలు తీసి ఆయన బల్ల మీద పెట్టి, "తీరిగ్గా చదవండి సార్" అని బయటికి వచ్చేసింది. మేము ఇల్లు చేరేలోపలే తొలివాన పట్టుకుంది. ఎదుటి మనిషి అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పిన్ని తడిసిన బట్టలతోనే ఆయన ముందు నేల మీద కూర్చుంది. నాకు పెరట్లో చెప్పిన మాటలే, అదే వరసలో చెప్పింది. ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. నాన్న విన్నాడు.

"అయితే దీపాలు వాటంతటవే ఆరిపోయాయన్నమాట," అన్నాడు చివరికి.

"అవును బావా."

"నేనేమీ నొక్కలేదు."

"లేదు."

"మొదటి రెండేళ్ళూ నొక్కలేదనే అనుకున్నాను," అన్నాడు నాన్న, తన కుడిచేతి వేళ్ళు చూసుకుంటూ. "ఆ తర్వాత నొక్కినట్టే గుర్తొచ్చేది. మీట చల్లగా తగిలినట్టు కూడా. రోజూ గుర్తొచ్చేది."

పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న వీధి వైపు చూసి, "అతనికి చెప్పు" అన్నాడు. కోపంగా అనలేదు. నేనైతే కోపంగా అంటే బాగుండునని అనుకున్నాను.

పిన్ని వానలోకి దిగి, వీధి దాటి వెళ్ళింది. గుమ్మంలోంచి నాకు అతని మాట ఒక్కటే వినబడింది. "ముందే తెలుసా?"

"తెలుసు," అంది పిన్ని.

అతను వాన వెలిసేదాకా ఉండలేదు. అప్పుడే వెళ్ళిపోయాడు. కానీ మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడు కూడా. యేటికి ఒక్కసారి వచ్చేవాడు, ఇప్పుడు పొద్దున్నే వచ్చి పొద్దుగూకేదాకా, పిన్ని గది కిటికీకి తిన్నగా నిలబడేవాడు. నాలుగో రోజున అతని పక్కన ఇంకో ఇద్దరు కనబడ్డారు. ఆరో రోజుకు ఏడుగురు. ఒక్కరూ మాట్లాడరు. పిన్ని తెర వేసుకునేది కాదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. తొమ్మిదో రోజున పెట్టె సర్దుకుని, ఊరి చివర తనతో పనిచేసిన ఒకావిడ ఇంట్లో గదిలోకి మారిపోయింది. నాన్న గడప దాకా వచ్చి, ఆమె పెట్టె నా చేతికి అందించాడు. ఉండమనలేదు. ఆ మనుషులు మర్నాటి నుంచి మా వీధిలో కనబడలేదు. ఎక్కడ నిలబడుతున్నారో నేను అడగలేదు.

జలాశయం ఆ నెలాఖరున ఇరవై మీటర్లు దాటింది. నేనూ, ఇద్దరు ఫిట్టర్లూ గేట్ల దగ్గర చేతి చక్రాలు పట్టుకుని నిలబడ్డాం. నాకు మిషను మీద నమ్మకం పోయింది. నలభై ఏడు. నలభై ఎనిమిది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నీళ్ళు గేట్ల కింద నుంచి తెల్లగా దూకుతున్నాయి. ఫిట్టరు ఒకతను, "ఇంకెందుకమ్మా, చేతులు వదలండి, బొబ్బలెక్కుతాయి" అన్నాడు. నేను ఇరవయ్యొక్క మీటర్ల దాకా వదల్లేదు.

పిన్ని ఇచ్చిన కాగితాలు పైఆఫీసుకు వెళ్ళాయి. జవాబు ఇంతవరకూ రాలేదు.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్న గొడుగు గుడ్డకు సూది దించుతూ, "మీ పిన్ని దగ్గరికి వెళ్ళి చూసి రా. తింటోందో లేదో" అన్నాడు.

"నువ్వూ రా నాన్నా."

"నేను రాను." దారం పళ్ళతో కొరికాడు. "నేనడిగానని చెప్పకు."

వెళ్ళాను. ఆ గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. పిన్ని సగానికి సగమైంది. నా చేతిలోని గిన్నె అందుకుని, మూత తియ్యకుండా బల్ల మీద పెట్టింది.

"బావ ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు," అన్నాను.

ఆమె తల ఊపి, కుర్చీ నా వైపు జరిపింది.